సమక్షంలో: మహమ్మారి ఏడాది కౌంటీ కచేరీ



ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన స్మారక నిధి ఎవరి పేరున ఉందో ఆయన ఫోటో ఇక్కడ బల్ల మీద ఉంది. కుటుంబం వాళ్ల కోరిక మేరకు అచ్చులో పేరు వేయడం లేదు. ఆయనకీ పేరు వేయించుకోవడం ఇష్టం ఉండేది కాదు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, జిల్లా పరిషత్తులో సూపర్నెంటుగా రిటైరయ్యారు. ఊరంతా సూపర్నెంటు గారనే పిలిచేది. నేనూ అలాగే పిలుస్తాను.

ఒక సంగతి చెప్పి మొదలుపెడతాను. అప్పుడు నేను కాలేజీ కుర్రాణ్ణి. వేసవి సెలవుల్లో ఆయన దగ్గర కూచుని నకళ్లు రాసేవాణ్ణి. ఒకరోజు ఒక రైతు తన తల్లి పింఛను కాగితం తెచ్చాడు. వేలిముద్ర అప్పటికే పడి ఉంది. సూపర్నెంటు గారు కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇదెవరి వేలు నాయనా?" అన్నారు. "మా అమ్మదేనండి." "ఎవరు చూశారు?" "నేనే చూశానండి." "కింద 'నా సమక్షంలో' అని సంతకం పెట్టాల్సింది నేను గదా. నేను చూడలేదే!" ముసలావిడ నడవలేదని, బయట రోహిణీ కార్తె ఎండ అని అతను బతిమాలాడు. ఆయన ఇంకేం మాట్లాడలేదు. స్టాంపు ప్యాడు సంచీలో వేసుకుని, గొడుగు తీసుకుని, సైకిలెక్కి ఆ ఊరు వెళ్లి, ఆవిడ మంచం దగ్గర కూచుని వేలిముద్ర వేయించుకొచ్చారు. నియమాన్ని పక్కన పెట్టకుండా కచేరీనే మోసుకెళ్లారన్నమాట.

2020లో ఈ సంగతి నాకు ఎన్నోసార్లు గుర్తొచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో మా అమ్మాయి పురిటికని నేనూ మా ఆవిడా కాలిఫోర్నియా వెళ్లాం. ఏప్రిల్ చివర్లో తిరిగి రావాలి. మార్చి 22 నుంచి మన దేశం అంతర్జాతీయ విమానాల్ని దిగనివ్వలేదు. వందే భారత్ విమానంలో చోటు దొరికేదాకా అక్కడే ఉండిపోయాం. జీవితమంతా స్థానిక పాలన మీద పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. ఇంట్లోంచి కదలడానికి లేదు. ఏం చేస్తాను? పొద్దున్నే కాఫీ తాగి, లాప్‌టాప్ ముందు కూచుని కౌంటీ బోర్డు మీటింగులు చూసేవాణ్ణి. మా మనవడికి పాలు పట్టే వేళలన్నీ నాకు ఎజెండా నంబర్లతో గుర్తున్నాయి.

కౌంటీ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. మన జిల్లాతో పోల్చి సరిపెట్టుకుంటాం గానీ పోలిక సగమే కుదురుతుంది. జిల్లా పరిషత్తు, కలెక్టరు కచేరీ, రిజిస్ట్రారాఫీసు, ఎన్నికల విభాగం, జైలు, ప్రజారోగ్య శాఖ, మరణాల విచారణాధికారి, వీటన్నింటినీ ఒక్క చూరు కింద పెడితే వచ్చేది కౌంటీ. దీనికి పైనుంచి వచ్చే కలెక్టరు ఉండడు. అమెరికాలో ఇలాంటివి మూడువేల పైచిలుకు ఉన్నాయి. 2020 జనాభా లెక్కల్లో లాస్ ఏంజిలెస్ కౌంటీలో కోటికి పైగా జనం. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 64 మంది. మన ఊళ్లో ఒక పెళ్లి పంక్తిలో అంతకన్నా ఎక్కువమందే కూచుంటారు. ఆ కోటిమందికి కౌంటీ బోర్డులో ఐదుగురు సూపర్వైజర్లు, అంటే ఒక్కొక్కరు ఇరవై లక్షల మందికి ప్రతినిధి. టెక్సస్‌లో పాలకమండలిని కమిషనర్స్ కోర్టంటారు, దాని అధ్యక్షుణ్ణి కౌంటీ జడ్జి అంటారు. పెద్ద కౌంటీల్లో ఆ జడ్జికి తీర్పులతో పనుండదు, బడ్జెట్లతోనే పని. మా విద్యార్థులు ఏటా పరీక్షలో అక్కడే బోల్తాపడేవాళ్లు.

ఇక ఆ మార్చి. సిలికాన్ వ్యాలీ అని మనం పిలుచుకునే ప్రాంతంలో ఎక్కువ భాగం శాంటా క్లారా కౌంటీ. జనవరి 31న అక్కడ మొదటి కేసు బయటపడింది. మార్చి 9న కౌంటీ ఆరోగ్యాధికారి డాక్టర్ సారా కోడీ, వెయ్యిమందికి మించి ఎక్కడా గుమిగూడకూడదని ఉత్తర్వు ఇచ్చారు. నాలుగు రోజులు తిరక్కుండానే ఆ వెయ్యి వంద అయింది. మార్చి 16న శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్ మాటియో, మరీన్, కాంట్రా కోస్టా, అలమీడా, శాంటా క్లారా, ఈ ఆరు కౌంటీల ఆరోగ్యాధికారులు ఒకే మాట మీద, ఇళ్లు కదలొద్దని ఆదేశించారు. బర్కిలీ నగరం కూడా కలిసింది. దాదాపు 67 లక్షల మంది ఆ అర్ధరాత్రి నుంచి ఇళ్లలోనే. రాష్ట్రమంతటికీ గవర్నరు ఉత్తర్వు రావడానికి ఇంకా మూడు రోజులు పట్టింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఉత్తర్వుకి బోర్డు ఓటు అక్కర్లేదు. అంటువ్యాధి వస్తే ఆరోగ్యాధికారి సంతకం చాలని రాష్ట్ర చట్టం ఎప్పుడో రాసిపెట్టింది. ఎన్నికల్లో ఎవరూ ఓటేయని డాక్టరమ్మ సంతకంతో ఊళ్లకి ఊళ్లు ఆగిపోయాయి. ఇది మంచిదా చెడ్డదా అని అక్కడ పెద్ద తగువే నడిచింది. నాకు ఆసక్తి కలిగించింది వేరే వాక్యం. అత్యవసరమైన ప్రభుత్వ పనులకి మినహాయింపు ఇస్తూ, ఏ పని అత్యవసరమో, ఏ ఉద్యోగి రావాలో ఆయా ప్రభుత్వ సంస్థలే తేల్చుకోవాలని ఉత్తర్వులో ఉంది. అంటే ప్రతి కచేరీ తన కౌంటర్లన్నీ ముందు వేసుకుని, ఇది లేకపోతే గడుస్తుందా, ఇది లేకపోతే గడుస్తుందా అని చూసుకోవాల్సి వచ్చింది. కుక్క లైసెన్సు ఆగితే ఫరవాలేదు. పెళ్లి లైసెన్సో? ఆస్తి పత్రం రిజిస్ట్రేషనో? జననమరణాల నమోదో? జననం ఉత్తర్వు చూసి ఆగదు. అక్కడ ప్రసవించిన మా అమ్మాయే సాక్ష్యం.

ఈ కౌంటర్లన్నింటి చట్టాల్లోనూ ఒక మాట దాక్కుని ఉందని అప్పుడే నాకు తట్టింది. సమక్షంలో. గుమాస్తా సమక్షంలో దరఖాస్తు, నోటరీ సమక్షంలో సంతకం, సాక్షుల సమక్షంలో పెళ్లి, జ్యూరీ సమక్షంలో వాంగ్మూలం, ప్రజల సమక్షంలో తీర్మానం. రాజ్యం అనే మహావృక్షాన్ని కదిలించి చూస్తే రాలిపడేది ఈ చిన్న మాటే. మనిషి మనిషి ఎదుట నిలబడితే ప్రమాదం అన్న ఏడాది ఈ మాటకి అర్థమేమిటో తేల్చుకోవాల్సి వచ్చింది. సూపర్నెంటు గారు సైకిలు మీద వెళ్లి తేల్చిన ప్రశ్నే అది.

ముందు సభల సంగతి. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ఒకటుంది. స్థానిక పాలకమండళ్లు తలుపులు మూసుకుని మంతనాలు చేయకూడదని దాని సారం. మామూలు సమావేశానికి ఎజెండా 72 గంటల ముందు బయట అతికించాలి. అప్పటి నియమం ప్రకారం సభ్యుడెవరైనా వేరే చోటునుంచి ఫోనులో పాల్గొంటే ఆ చోటు చిరునామా ఎజెండాలో వేయాలి, అక్కడికి కూడా జనాన్ని రానివ్వాలి. ఇప్పుడు ఊహించండి. సూపర్వైజరు ఇంట్లోంచి మాట్లాడుతుంటే ఆయన ఇంటి చిరునామా అచ్చువేసి, ముందుగది తలుపు బార్లా తెరిచి, రండి బాబూ అని పిలవాలి, వైరస్సుతో సహా. మార్చి 17న గవర్నర్ గవిన్ న్యూసమ్ ఎన్-29-20 అనే ఉత్తర్వుతో ఈ నిబంధనని పక్కన పెట్టారు. జనానికి వినే దారి, మాట్లాడే దారి ఉంటే చాలన్నారు.

దారి అంటే ఫోను. ఫోనులో స్టార్ తొమ్మిది నొక్కితే చెయ్యెత్తినట్టు. గుమాస్తా మన ఫోను నంబరు చివరి అంకెలు చదివి పిలుస్తుంది. మనకి రెండు నిమిషాలు, ఎజెండా పెద్దదైతే ఒక్క నిమిషం. ఎవరో ఒకావిడ అద్దె బకాయిల గురించి మాట్లాడుతుంటే వెనక కుక్కర్ మూడు కూతలు కూసింది. పనికి సెలవు పెట్టి, పార్కింగు వెతుక్కుని, మూడు గంటలు బెంచీ మీద కూచోలేని మనుషులు వంటింట్లోంచి పాలనలోకి వచ్చారు. ఇది నేను కళ్లారా చూసిన, చెవులారా విన్న మేలు.

నష్టం ఇంకోచోట జరిగింది. హాల్లో రెండువందల మంది చేతులు కట్టుకుని నిలబడితే సూపర్వైజరు తలెత్తి చూడక తప్పదు. మన భాషలో "నలుగురి ముందు" అన్న మాటలో ఉన్న బరువంతా అదే. నలుగురి ముందు అన్నమాట వెనక్కి తీసుకోవడం కష్టం, నలుగురి ముందు అబద్ధమాడాలంటే నోరు తడబడుతుంది. తెర మీద ఆ రెండువందల మందీ ఒక మూల చిన్న అంకె. ఆ అంకె ముఖం చిట్లించదు, నిట్టూర్చదు. మీటింగయ్యాక వరండాలో అడ్డం తగిలి "ఏం బాబూ, మా కాలవ సంగతి?" అని అడగదు. జిల్లా పరిషత్తులో నేను చూసిన మంచి పనుల్లో సగం సభలో జరగలేదు, వరండాలో జరిగాయి. చెడ్డ పనులూ అక్కడే జరిగాయనుకోండి.

మా మనవడి జనన ధ్రువపత్రం కథ చెప్పకపోతే మా అమ్మాయి ఊరుకోదు. పాస్‌పోర్టుకి అది కావాలి. కౌంటరు మూసేశారు, పోస్టులో దరఖాస్తు పంపమన్నారు. బాగుంది. అయితే రాష్ట్ర చట్టం ప్రకారం పోస్టులో అడిగితే ప్రమాణ పత్రం జతచేయాలి, దాని మీద సంతకం నోటరీ ఎదుట చేయాలి. అంటే ఒక మనిషి ఎదుటికి వెళ్లకుండా ఉండటానికి ఇంకో మనిషి ఎదుటికి వెళ్లాలి! కొన్ని రాష్ట్రాల్లో గవర్నర్లు వీడియోలో నోటరీ చేయవచ్చన్నారు. న్యూయార్కులో మార్చి 19నే అనుమతి వచ్చింది. కాలిఫోర్నియా ఒప్పుకోలేదు. అందుకు చట్టం 2023లో చేసింది, అదీ పూర్తిగా అమలు కావడానికి 2030 దాకా గడువు పెట్టుకుంది. మా అల్లుడు ఫోన్లు చేసి చేసి ఒక నోటరీని పట్టుకున్నాడు. ఆవిడ మా వీధి మొగలో కారాపి, బానెట్ మీద పుస్తకం పరిచి, ఎవరి పెన్ను వాళ్లే తెచ్చుకోమంది. "ఒక్కసారి మాస్కు తీసి వెనక్కి జరగండి" అని మా అల్లుడి ముఖం, లైసెన్సు మీద ముఖం పోల్చి చూసుకుంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. సైకిలు, గొడుగు లేవు గానీ, మిగతాదంతా మా సూపర్నెంటు గారే.

అదే రాష్ట్రంలో పెళ్లి సంగతి వినండి. దక్షిణ కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ వాళ్లు ఏప్రిల్ మధ్యలో అనహైమ్‌లోని హోండా సెంటర్ దగ్గర పెళ్లి లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు. అది ఐస్ హాకీ ఆటల స్టేడియం. ఆటలు లేవు, టిక్కెట్ల గదులు ఖాళీ. గుమాస్తా గాజు వెనక టిక్కెట్ల గదిలో, వధూవరులు బయట పార్కింగులో. ముందుగా సమయం పెట్టుకుని వచ్చి, కాగితం తీసుకుని, కావాలంటే అక్కడే మైకులో ప్రమాణాలు చెప్పి దంపతులై వెళ్లిపోయారు. టిక్కెట్టు కిటికీ దగ్గర పెళ్లి అంటే మనకి నవ్వొస్తుంది. కానీ ఆలోచించండి, భర్త ఉద్యోగం మీద ఆరోగ్య బీమా రావాలంటే ఆ దేశంలో పెళ్లి కాగితమే ఆధారం. ఆ ఏడాది బీమా లేకుండా ఉండటం కంటే స్టేడియం ముందు పెళ్లాడటం నయం. ఏప్రిల్ 30న గవర్నరు ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. ఇద్దరూ కాలిఫోర్నియాలోనే ఉంటే వీడియోలోనే లైసెన్సు తీసుకోవచ్చు, వీడియోలోనే పెళ్లి చేసుకోవచ్చు.

అంటే ఆ రాష్ట్రంలో నూరేళ్ల బంధానికి తెర చాలింది, నోటరీ సంతకానికి చాలలేదు. నన్నడిగితే ఇందులో తెలివి లేకపోలేదు. పెళ్లిలో ఇద్దరూ ఒకరికొకరు కాపలా. పత్రంలో సంతకం చేసే ముసలావిడ పక్కన ఎవరు నిలబడి చెయ్యి పట్టి చేయిస్తున్నారో కెమెరాకి కనబడదు. వేలిముద్ర ముందే వేయించుకొచ్చిన కొడుకు మీకు గుర్తున్నాడు గదా.

పన్ను గురించి రెండు మాటలు. కాలిఫోర్నియాలో ఆస్తిపన్ను రెండో వాయిదా గడువు ఏప్రిల్ 10. కచేరీ తలుపులు మూసినా గడువు తేదీ మూయలేదు, ఎందుకంటే అది రాష్ట్ర చట్టంలో ఉంది, కౌంటీ చేతిలో లేదు. ఆ పన్ను మీదే బళ్లు, ఆసుపత్రులు నడవాలి. కోవిడ్ వల్ల కట్టలేకపోయామని అర్జీ పెట్టుకుంటే జరిమానా రద్దుచేస్తామని కౌంటీ ఖజానాదారులు చెబుతూ వచ్చారు. మే 6న గవర్నరు ఉత్తర్వుతో ఆ మాటకి బలం వచ్చింది. ఫర్లాంగు దూరంలో ఉండి దణ్ణం పెట్టుకోవచ్చు గానీ హుండీలో మాత్రం వేసి పోవాలన్నట్టు ఉందని మా ఆవిడ అంది.

కోర్టుల విషయం నాకు మొదట తమాషాగా ఉండేది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసు కోర్టు ఆరుబయట కొలువుతీరిన ఫోటో ఒకటుంది. న్యాయాధికారులు బల్ల వేసుకుని కూచుంటే చుట్టూ టోపీల జనం. గాలి తగిలే చోట న్యాయం, అంతే. నూట రెండేళ్ల తర్వాత గాలికి బదులు తెర వచ్చింది. టెక్సస్‌లోని కాలిన్ కౌంటీలో 2020 మే 18న జూమ్ మీద జ్యూరీని కూచోబెట్టారు. ఫ్రిస్కో, ప్లేనో ఊళ్లు ఎక్కువ భాగం ఉన్నది ఆ కౌంటీలోనే. ఈ సభలో సగంమందికి అక్కడ ఎవరో ఒకరుంటారు. అది బీమా తగాదా, జ్యూరీ మాట ఎవరినీ కట్టిపడేయని నమూనా విచారణ. ఆగస్టులో ట్రావిస్ కౌంటీలో ఒక ట్రాఫిక్ నేరం మీద అసలు విచారణే అలా జరిగింది.

ఆపై పిల్లి. 2021 ఫిబ్రవరి 9న టెక్సస్ పశ్చిమాన ఒక జిల్లా కోర్టు వీడియో విచారణలో ప్రెసిడియో కౌంటీ తరఫు న్యాయవాది తెల్లటి పిల్లిపిల్ల రూపంలో ప్రత్యక్షమయ్యాడు. సెక్రటరీ కంప్యూటరు వాడుతున్నాడట, అందులో ఎవరో పెట్టిన ముసుగు తీయడం చేతకాలేదు. తాను అక్కడే ఉన్నానని, పిల్లిని కానని ఆయన కోర్టుకి విన్నవించుకున్నాడు. ప్రపంచమంతా నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, హాజరు గురించి అంతకన్నా సూటైన విన్నపం ఏ కోర్టూ విని ఉండదనిపించింది. ఇక్కడున్నది నేనే, మీకు కనబడుతున్నది నేను కాదు. జడ్జి విసుక్కోకుండా విచారణ కొనసాగించాడు. ఆ నిదానం నాకు నచ్చింది.

ఇక ఎన్నికలు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే "ఎదుట" అన్నమాట ఎంత దూరం సాగుతుందో తెగేదాకా లాగి చూసింది ఇక్కడే. హ్యూస్టన్ నగరం ఉన్న హారిస్ కౌంటీలో అప్పటికి 47 లక్షల జనం. అప్పటి కౌంటీ క్లర్కు క్రిస్ హాలిన్స్, జూలైలో ఒకచోట పరీక్షించి చూసి, నవంబరు ఎన్నికకి పదిచోట్ల కారు దిగకుండా ఓటేసే ఏర్పాటు చేశాడు. పెద్ద డేరా కిందికి కారు వస్తుంది, ఉద్యోగి గుర్తింపు కార్డు చూసి ఓటు యంత్రాన్ని కిటికీలోంచి చేతికిస్తాడు, ఓటరు నొక్కి తిరిగిస్తాడు. దాదాపు 1,27,000 మంది అలా ఓటేశారు. కొన్నిచోట్ల రాత్రంతా పోలింగు. షిఫ్టు దిగిన నర్సు తెల్లవారుజామున మూడింటికి ఓటేసి ఇంటికెళ్లొచ్చు.

కొందరు కోర్టుకెక్కారు. ఆ లక్షా ఇరవయ్యేడు వేల ఓట్లూ పారేయమని అడిగారు. నవంబరు 1న టెక్సస్ సుప్రీంకోర్టు కాదంది. నవంబరు 2న, అంటే పోలింగుకి ముందురోజు, ఫెడరల్ జడ్జి ఆండ్రూ హేనన్ కూడా ఈ దావా వేసే అర్హత మీకు లేదని కొట్టేశారు. కానీ కొట్టేస్తూ ఒక ముల్లు వదిలారు. టెక్సస్ చట్టంలో ముందస్తు పోలింగుకి కదలని కట్టడం ఏదైనా చాలు, పోలింగు రోజున మాత్రం "భవనం" ఉండాలి. డేరా భవనమా? కాదేమో అని ఆయన సందేహం. హాలిన్స్ ఆ రాత్రే లెక్క వేసుకుని, రేపు అక్కడ వేసిన ఓట్లు ఎవరైనా కొట్టేయిస్తే పాపం ఓటరుదవుతుందని, పదింట తొమ్మిది చోట్లు మూసేశాడు. టొయోటా సెంటర్ ఒక్కటే మిగిలింది, అది పక్కా భవనం గనుక.

పందిరి భవనమా కాదా అన్న ప్రశ్న మన ఊళ్లో వస్తే ఏమయ్యేదో తలచుకుంటే నవ్వొస్తుంది. మన పెళ్లిళ్లు, పంచాయితీలు, పోలింగు క్యూలు షామియానా నీడలో సాగేవే. అయినా తీసిపారేయడానికి వీల్లేదు. చట్టం భవనం అన్నప్పుడు దాని వెనక ఒక ఉద్దేశం ఉంటుంది. ఓటరు పక్కన ఇంకెవరూ ఉండకూడదు, గోప్యత ఉండాలి. కారులో భార్య పక్కన భర్త, ముసలితండ్రి పక్కన కొడుకు ఉంటారే? దావా వేసినవాళ్ల మిగతా వాదనలు నాకు రుచించలేదు గానీ ఈ ఒక్కదాన్నీ కాదనలేను. అలాగని రాత్రి మూడింటి నర్సుని కాదనలేను. 2021 సెప్టెంబరులో సంతకమైన కొత్త టెక్సస్ చట్టం కారు ఓటునీ, రాత్రంతా పోలింగునీ రెండింటినీ నిషేధించింది. కారు సంగతి చర్చించుకోవచ్చు. రాత్రి గడియారం ఏ గోప్యతని చెరిపింది?

మనవైపు కూడా ఆ ఏడాది తేలిగ్గా పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక ఎన్నికలు నామినేషన్లు పడ్డాక 2020 మార్చి 15న ఆగాయి. పంచాయతీలకి 2021 ఫిబ్రవరిలో జరిగాయి. జెడ్పీటీసీ, ఎంపీటీసీలకి ఏప్రిల్ 8న పోలింగు జరిగితే, కోర్టు తగాదాతో పెట్టెలు సెప్టెంబరు 19 దాకా తెరవలేదు. హైదరాబాద్‌లో 2020 డిసెంబరు 1న నగరపాలక ఎన్నికకి మీట నొక్కే యంత్రం మానేసి కాగితం బ్యాలెట్‌కి వెళ్లారు. హ్యూస్టన్ యంత్రాన్ని కారు కిటికీలోకి తెస్తే మనవాళ్లు యంత్రాన్నే పక్కనపెట్టారు. జబ్బు ఒకటే, పథ్యం ఏ ఊరిది ఆ ఊరిదే.

తిరునాళ్ల గురించి చెప్పకపోతే కౌంటీ బొమ్మ పూర్తికాదు. కౌంటీ ఫెయిరంటే మన జాతర, పశువుల సంత, పంటల ప్రదర్శన, రంగులరాట్నం కలిసినది. 2020లో అమెరికా అంతటా చాలా కౌంటీల్లో అవి ఆగిపోయాయి. ఏడాదంతా మేకపిల్లని పెంచిన పిల్లలకి వేలం ఇంటర్నెట్‌లో పెట్టారు. పొమోనాలో 1922 నుంచి లాస్ ఏంజిలెస్ కౌంటీ ఫెయిర్ జరుగుతున్న మైదానం 2021 జనవరిలో టీకాల కేంద్రమైంది. సిక్స్ ఫ్లాగ్స్ వినోదవనం కూడా. గుండె ఝల్లుమనే రంగులరాట్నాల నీడలో కోటిమంది కౌంటీ జబ్బ చాపి వరుసలో నిలబడింది.

గుడి, చర్చి, ఇంటి పూజల దగ్గర మాత్రం కథ చేదెక్కింది. శాంటా క్లారా కౌంటీ చర్చిల్లో లోపలి ప్రార్థనలు ఆపేసింది. 2021 ఫిబ్రవరి 26న అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని ఆపింది. ఇళ్లలో మూడు కుటుంబాలకి మించి కలవకూడదన్న రాష్ట్ర నియమం మీద, అదే కౌంటీలో ఇళ్లలో బైబిల్ చదువుకునేవాళ్లు ఆ కోర్టుకే వెళ్తే ఏప్రిల్ 9న ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు అయి వాళ్లకే అనుకూలంగా చెప్పింది. దుకాణంలో జనాన్ని రానిచ్చి దేవుడి దగ్గరకి వద్దంటే ఎలా అన్నది మెజారిటీ ప్రశ్న. దుకాణంలో ఎవరూ గంటసేపు కూచుని పాడరు గదా అన్నది ఆరోగ్యాధికారుల జవాబు. రెండింటిలోనూ నిజముంది. నేను మాత్రం డాక్టర్ల వైపే. మా మనవడి బారసాల పురోహితుడు ఫోనులో మంత్రం చెబుతుండగా, ఆలస్యంగా వినబడే ఆ మంత్రానికి తగ్గట్టు అక్షింతలు ఆలస్యంగా వేస్తూ కానిచ్చాం. పేరు మాత్రం సరిగానే పెట్టాం.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన సంగతి ఎవరూ చూడని ఒక గదిలో జరిగింది. శాంటా క్లారా కౌంటీలో మరణాల విచారణాధికారి కార్యాలయం ఉంది. ఇంట్లో హఠాత్తుగా పోయినవాళ్లకి కారణం తేల్చడం దాని రోజువారీ పని. ఫిబ్రవరి 6న ఒకరు, 17న ఒకరు ఇంట్లో పోయారు. అప్పటికి పరీక్షలు లేవు, ఉన్నవి కూడా విదేశాలనుంచి వచ్చినవాళ్లకే. ఆ గదిలో ఎవరో నియమం ప్రకారం కణజాలం నమూనాలు తీసి భద్రపరిచారు. తర్వాత వాటిని కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థకి పంపారు. ఏప్రిల్ 21న కౌంటీ ప్రకటించింది, ఆ రెండూ కోవిడ్ మరణాలేనని. అంతవరకూ దేశంలో మొదటి మరణం ఫిబ్రవరి చివర్లో వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగిందనుకున్నారు. ఒక కచేరీ మామూలుగా చేసిన పనితో ఒక మహమ్మారి పుట్టినరోజు మూడు వారాలు వెనక్కి జరిగింది. ఫిబ్రవరి మొదట్లోనే, ఊరు దాటని మనుషుల మధ్య అది తిరుగుతోందన్నమాట. అప్పటికి మేం అక్కడ లేం, విమానం టిక్కెట్లు చూసుకుంటున్నాం.

రిజిస్టరు దిద్దడమంటే అటూ జరగొచ్చు, ఇటూ జరగొచ్చు. 2021 జూన్‌లో పక్కనే ఉన్న అలమీడా కౌంటీ తన కోవిడ్ మరణాల లెక్కని 1,634 నుంచి 1,223కి దించుకుంది. చావుకి కోవిడ్ కారణం కాకపోయినా ఒంట్లో వైరస్సు ఉన్నవాళ్లని ముందు కలిపేశారు, తర్వాత తీసేశారు. చూశారా, అబద్ధపు లెక్కలు అన్నారు కొందరు. దిద్దుబాటు బయటపెట్టిన కచేరీని నేను ఇంకాస్త నమ్ముతాను. ఎర్రసిరా లేని రిజిస్టరు చూస్తే మా సూపర్నెంటు గారికి అనుమానం వచ్చేది.

సభల మీద గవర్నరు ఇచ్చిన ఉత్తర్వు 2021 సెప్టెంబరు చివరిదాకా నడిచింది. దాని స్థానంలో శాసనసభ ఏబీ 361 అనే చట్టం తెచ్చింది. బోర్డులు ఇంకా తెర మీదే కలుసుకోవాలంటే, ఆపద ఇంకా ఉందని ముప్ఫై రోజులకోసారి తీర్మానం చేయాలి. చిన్నచిన్న బోర్డులు, గ్రంథాలయ సంఘాలు, దోమల నిర్మూలన సంఘాలు కూడా నెలనెలా కూచుని, ఆపద ఉందా, ఉంది, అందరూ ఒప్పుకున్నారా, ఒప్పుకున్నాం అని మినిట్స్‌లో రాసుకున్నాయి. ఇండియా వచ్చేశాక కూడా అలవాటు పోక నేను వాటిని చూశాను. నెలకోసారి పౌర్ణమి పూజలా ఉండేది. ఆ చట్టం 2024 మొదట్లో ముగిసింది. తలుపులు తెరుచుకున్నాయి, ఫోను దారి కొన్నిచోట్ల ఉంచారు, కొన్నిచోట్ల మూసేశారు. కుక్కర్ ఆవిడ ఇప్పుడు ఎక్కణ్ణుంచి మాట్లాడుతోందో!

సూపర్నెంటు గారు 2020 జూలైలో పోయారు. మేం ఇంకా అక్కడే ఉన్నాం. అంత్యక్రియలకి ఇరవైమందికి మించకూడదన్న నియమం ఉంది. ఆయన కొడుకు పద్ధతిగా ఇరవై పేర్లు రాసి, మిగతావాళ్లకి వీడియో లింకు పంపాడు. అక్కడ మాకు రాత్రి పదిన్నర. లాప్‌టాప్ ముందు నేనూ మా ఆవిడా తలస్నానం చేసి కూచున్నాం. ఎవరి చేతిలోనో ఫోను ఊగుతోంది, కొబ్బరిచెట్టు కనబడింది, కాలవగట్టు కనబడింది, కాసేపు ఎవరిదో చొక్కా గుండీ. మధ్యలో లైను తెగింది. మళ్లీ కలిసేసరికి అయిపోయింది.

పెద్దకర్మ అయ్యాక వాళ్లబ్బాయి, తండ్రి కొడుకే గదా, ఆరోజు తెర మీద వచ్చినవాళ్ల జాబితా తీసి అందరికీ పంపాడు. పైన "హాజరైనవారు" అని శీర్షిక. లైను తెగి మళ్లీ కలవడం వల్ల అందులో నా పేరు రెండుసార్లు పడింది. ఆయనుంటే ఒకటి కొట్టేసేవారు. ఏది కొట్టేసేవారో మాత్రం నేను ఇప్పటికీ చెప్పలేను.